కుప్పకూల్చే లోపాలు, ప్యాచ్‌ల వాదం

ఆపరేటింగ్ సిస్టమ్‌లో బయటపడే లోపాలన్నీ దొంగకు దారి చూపేవి కావు. కొన్నింటి వల్ల పాస్‌వర్డు పోదు, ఫైలు బయటికి వెళ్లదు, ఖాతాలో రూపాయి తగ్గదు. యంత్రం మాత్రం పని మానేస్తుంది. బయటి నుంచి ఎవరో పంపిన నాలుగు ప్యాకెట్లకు సర్వర్ బిగుసుకుపోతుంది, లేదా రీబూట్ అవుతూనే ఉంటుంది. ఇలా సేవను స్తంభింపజేసే దాడిని డినయల్ ఆఫ్ సర్వీస్ దాడి, క్లుప్తంగా డాస్ దాడి అంటారు. వేల యంత్రాలు కూడబలుక్కున్నట్టు ఒకేసారి మీద పడితే అది డీడాస్. ఇందుకు వీలిచ్చే లోపాన్ని భద్రతా లోపంగా లెక్కించాలా, లెక్కిస్తే ఎంత తొందరగా ప్యాచ్ (దిద్దుబాటు) వేయాలి, ఆ పని ఎవరిది అన్న మూడు ప్రశ్నల మీద 1996 నుంచి వాదం సాగుతూనే ఉంది.

గోదావరి డెల్టాకు ఇది దూరపు వాదం కాదు. 2016 డిసెంబరులో సఖినేటిపల్లి మండలం మోరి గ్రామం ఏపీ ఫైబర్‌నెట్‌తో ఇంటింటికీ కనెక్షన్ ఉన్న ఊరయింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ కాకినాడ పక్కనున్న కరపలోనే మొదలైంది. పింఛను, ధ్రువపత్రాలు, ఈ-క్రాప్ నమోదు, ధాన్యం కొనుగోలు వివరాలు అన్నీ కంప్యూటర్ మీదికి చేరాక, సర్వర్ పలకకపోతే కౌంటర్ ముందు నిలబడ్డ రైతుకు ఆ పూట సేవ లేనట్టే.  అందువల్ల సమాచారం పోయిందా లేదా అన్న ఒక్క కొలతతో ఈ లోపాలను తూచడం డెల్టా లాంటి చోట సరిపోదు.

ఒకే పేరు, మూడు దాడులు

చర్చ చిక్కుపడడానికి మొదటి కారణం మూడు వేరువేరు దాడులను ఒకే పేరుతో పిలవడం.

మొదటి రకంలో ఒకే ఒక్క వికృతమైన ప్యాకెట్ చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ దాన్ని విప్పబోయి లెక్క తప్పుతుంది, యంత్రం కూలిపోతుంది. తప్పు పూర్తిగా కోడ్‌లోనే ఉంది కాబట్టి ప్యాచ్ వేస్తే రోగం కుదురుతుంది. రెండో రకంలో వచ్చే ప్యాకెట్లన్నీ నిబంధనల ప్రకారమే ఉంటాయి. కాకపోతే పంపేవాడికి చవగ్గా, అందుకునే యంత్రానికి భారంగా ఉండేలా వాటిని పేరుస్తారు. మెమరీ నిండిపోతుంది, లేదా ప్రాసెసర్ ఒకే పనిలో కూరుకుపోతుంది. ఇక్కడ ప్యాచ్ చేసేదల్లా ఒక పరిమితి పెట్టడం, ఒక లెక్కను చవక చేయడం. రోగం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. మూడో రకం ఉత్త వరద. లైను పట్టగలిగినదానికి మించి ట్రాఫిక్ కుమ్మరిస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే ప్రధాన కాలువ పూడుకుపోతే పొలం గట్టున తూము ఎంత బాగున్నా తడి అందదు. అలాగే ఈ దాడిలో బాధిత సర్వర్‌కు వేసిన ప్యాచ్ అక్కరకు రాదు. దాడికి ఆయుధాలుగా మారిన పరాయి యంత్రాలకు ప్యాచ్ వేసి ఉంటే మాత్రం ఆ వరదే పుట్టేది కాదు.

ఈ తేడా పట్టించుకోకుండా డాస్‌కు ప్యాచ్ పనికొస్తుందా అని అడిగితే ఏ జవాబు చెప్పినా సగమే నిజమవుతుంది. ప్యాచ్‌కు మొగ్గేవారు మొదటి రకాన్ని, ప్యాచ్ దండగనేవారు మూడోదాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు. అసలు కష్టమంతా ఉన్న రెండో రకం మీద ఇద్దరి మాటా తక్కువే.

1996 తర్వాత

1996 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని ప్యానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ రోజుల తరబడి స్తంభించింది. యంత్రాల మధ్య సంభాషణను నడిపే టీసీపీ నియమావళిలో కనెక్షన్ మొదలుపెట్టేటప్పుడు పంపే సిన్ ప్యాకెట్లను తప్పుడు చిరునామాలతో కుప్పలుగా పంపారు. సర్వర్ ఒక్కోదానికీ జవాబిచ్చి, అవతలి మాట కోసం కాచుకుని, ఆ కాచుకునే పట్టిక నిండిపోగానే అసలైన వాడుకరులను వెనక్కి పంపేసింది. ఈ బలహీనత కొత్తది కాదు. 1994లో ఫైర్‌వాల్‌ల మీద పుస్తకం రాసిన చెస్విక్, బెలోవిన్‌లకు దీని సంగతి తెలుసు. చక్కని విరుగుడు లేని దాడిని వర్ణించడం ప్రమాదమని వదిలేశారు. రెండేళ్లకు హ్యాకర్ పత్రికలే ఆ కోడ్‌ను అచ్చేశాయి. లోపాన్ని దాచితే భద్రతా, చెబితే భద్రతా అన్న వాదానికి ఈ ఉదంతం ఇప్పటికీ రెండు పక్షాలకూ సాక్ష్యంగా ఉపయోగపడుతోంది.

విరుగుడు అదే నెలలో వచ్చింది. డేనియల్ బెర్న్‌స్టీన్ సూచించిన సిన్ కుకీ పద్ధతిలో సర్వర్ ఏమీ గుర్తుపెట్టుకోదు. గుర్తుపెట్టుకోవలసిన సంగతులను తాను పంపే వరుస సంఖ్యలోనే గూఢంగా ఇమిడ్చి, అవతలివారు తిప్పి పంపినప్పుడు సరిచూసుకుంటుంది. పట్టికే లేనప్పుడు నిండడానికేముంది? అయితే వరుస సంఖ్యలో చోటు తక్కువ. దాడి వేళ కుకీ మీద నడిచే కనెక్షన్లు టీసీపీలోని కొన్ని వెసులుబాట్లను వదులుకోవాలి. రెండో రకం దాడికి వేసే ప్రతి ప్యాచ్‌లోనూ ఇలాంటి మారకం ఒకటి కనిపిస్తుంది.

అదే కాలంలో పింగ్ ఆఫ్ డెత్ వచ్చింది. ఐపీ ప్యాకెట్ 65,535 బైట్లకు మించకూడదు. ముక్కలుగా పంపితే మాత్రం తిరిగి కూర్చేటప్పుడు మొత్తం ఆ హద్దు దాటేలా చేయవచ్చు, దాటితే ఎన్నో ఆపరేటింగ్ సిస్టమ్‌లు పడిపోయేవి. 1997లో విన్‌న్యూక్, టియర్‌డ్రాప్, ల్యాండ్ వరసగా వచ్చాయి. అన్నీ మొదటి రకమే, అన్నిటికీ ప్యాచ్‌లు వెంటనే దొరికాయి. దాంతో కథ ముగిసిందనుకున్నారు. కాని ల్యాండ్ 2005లో విండోస్ ఎక్స్‌పీ, సర్వర్ 2003లలో మళ్లీ కనిపించింది. పింగ్ ఆఫ్ డెత్ తరహా లోపాలు ఐపీవీ6 కోడ్‌లో 2013లోనూ 2020లోనూ విండోస్‌లో బయటపడ్డాయి. కొత్త కోడ్ రాసినప్పుడల్లా పాత తప్పు మళ్లీ దొర్లే వీలుంటుందన్నది ఈ జాబితా చెప్పే మొదటి సంగతి.

రెండో సంగతి 2018లో తెలిసింది. ఫిన్లాండ్‌కు చెందిన యుహా-మట్టి టిల్లీ లినక్స్‌లో సెగ్మెంట్‌స్మాక్, ఫ్రాగ్మెంట్‌స్మాక్ అనే రెండు లోపాలను వెలికితీశారు. క్రమం తప్పిన చిన్న చిన్న ముక్కలను సెకనుకు రెండు వేల ప్యాకెట్ల లోపు పంపినా ఒక ప్రాసెసర్ పూర్తిగా ఊపిరాడని స్థితికి వస్తుంది. ఫ్రాగ్మెంట్‌స్మాక్ ఇంత ప్రమాదకరం కావడానికి మూలం, వేగం పెంచడానికి గతంలో ముక్కల నిల్వ పరిమితిని పెంచడమే. ఒకరి మెరుగుదల మరొకరికి ఆయుధమయింది.

2019 జూన్ 17న వెల్లడైన శాక్ ప్యానిక్ ఈ చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ నేర్పే ఉదాహరణ. నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే జోనథన్ లూనీ కనుగొన్న ఈ లోపానికి లోపాల ఉమ్మడి జాబితాలో సీవీఈ-2019-11477 అని సంఖ్య ఇచ్చారు. టీసీపీలో శాక్ అనే ఏర్పాటు ఉంది: ఏ ముక్కలు అందాయో అందుకున్నవాడు చెప్తే, పంపినవాడు దారిలో పోయిన ముక్కలే మళ్లీ పంపుతాడు. దాడి చేసేవాడు ముక్క పరిమాణాన్ని కనిష్ఠానికి కుదించి, శాక్ సందేశాలను ఒక క్రమంలో పంపితే, కెర్నల్ ముక్కలను లెక్కపెట్టే 16 బిట్ల అంకె పొంగిపోతుంది. ఇలా జరగకూడదని కోడ్‌లోనే రాసిపెట్టిన తనిఖీ దాన్ని పట్టుకుని మొత్తం యంత్రాన్ని ఆపేస్తుంది. 2009 నాటి 2.6.29 వెర్షన్ నుంచీ, అంటే పదేళ్లపాటు, ప్రపంచంలోని లినక్స్ సర్వర్లు చాలావరకు ఈ గండాన్ని మోస్తూ నడిచాయి. సోర్స్ అందరికీ కనిపిస్తున్నా ఎవరి కంటా పడలేదు.

ఇది భద్రతా లోపమేనా?

కాదనే పక్షం వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. సమాచారం పోలేదు, దాడి ఆగితే యంత్రం కోలుకుంటుంది, ఇంజనీర్ల సమయం పరిమితం, కాబట్టి చొరబాటుకు దారిచ్చే లోపాలకే పెద్దపీట వేయాలి అంటారు. 2008లో స్వీడన్ సంస్థకు చెందిన ఇద్దరు నిపుణులు వెల్లడించిన, టీసీపీ కనెక్షన్లతో సర్వర్‌ను భారంతో కుంగదీసే సాక్‌స్ట్రెస్ దాడికి మైక్రోసాఫ్ట్ 2009 సెప్టెంబరులో ఎంఎస్09-048 ప్యాచ్‌లు ఇచ్చినప్పుడు ఈ దృక్పథం బాహాటంగా కనిపించింది. విండోస్ 2000కు మద్దతు గడువు ఇంకా ఉన్నా, దాని టీసీపీ నిర్మాణాన్ని అంతగా మార్చడం సాధ్యం కాదంటూ ప్యాచ్ ఇవ్వలేదు. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ముందే వేసి ఉంటుంది కాబట్టి తీవ్రత తక్కువని తేల్చి దానికీ ఇవ్వలేదు. అప్పట్లో మన ఆఫీసుల్లో, ఏటీఎంలలో ఎక్కువగా కనిపించింది ఎక్స్‌పీయే.

రెండో పక్షం లినక్స్ కెర్నల్ వర్గానిది. లోపం లోపమే, భద్రతా లోపమని దానికి ప్రత్యేక పీట అక్కర్లేదని లైనస్ టోర్వాల్డ్స్ 2008లోనే గట్టిగా వాదించారు. కెర్నల్ నిర్వాహకుల సలహా కూడా అదే దారిలో ఉంటుంది: ఏది ప్రమాదమో ఏరుకుంటూ కూర్చోకుండా స్థిరమైన వెర్షన్లలో వచ్చే దిద్దుబాట్లన్నీ తీసుకోండి. సూత్రంగా బాగుంది. ప్రతి వారం కొత్త కెర్నల్ ఎక్కించి పరీక్షించే సిబ్బంది ఉన్న సంస్థకు సరిపోతుంది. జిల్లా కార్యాలయాల్లో అలాంటి సిబ్బంది అరుదు.

మూడో పక్షం గోప్యత, సమగ్రత, లభ్యత అనే మూడింటినీ సమానంగా చూడాలంటుంది. భారతీయ చట్టం ఇటువైపే ఉంది. ఐటీ చట్టం 2000లోని సెక్షన్ 43 అనుమతి లేకుండా డేటా కాపీ చేయడాన్నీ, అనుమతి ఉన్నవారికి కంప్యూటర్ అందకుండా చేయడాన్నీ ఒకే వరసలో పెట్టింది. దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం డాస్, డీడాస్ దాడులను కూడా గుర్తించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి, 180 రోజుల లాగ్‌లు భద్రపరచాలి.

చట్టం ఏమన్నా ఆఫీసుల్లో రోజువారీ నిర్ణయాన్ని నడిపించేది లోపాల తీవ్రతను పదికి కొలిచే సీవీఎస్ఎస్ మార్కులే. వాటి లెక్కలో ఒక చిత్రముంది. నెట్‌వర్క్ మీద నుంచి, ఏ అనుమతీ లేకుండా, యంత్రాన్ని పూర్తిగా ఆపేయగల లోపానికి వెర్షన్ 3.1లో వచ్చేది సాధారణంగా 7.5. అతి తీవ్రం అనే గీత 9.0 దగ్గర మొదలవుతుంది. శాక్ ప్యానిక్‌కూ వచ్చింది 7.5 దగ్గరే. అతి తీవ్రమైనవి వెంటనే, మిగతావి వీలున్నప్పుడు అని నియమం పెట్టుకున్న ఆఫీసులో డాస్ లోపం ఎప్పటికీ మొదటి వరసకు రాదు. ఇంట్లో పిల్లల కంప్యూటర్ ఆగినా, పింఛన్ల రోజున జిల్లా సర్వర్ ఆగినా అదే మార్కు. పరిసరాలను బట్టి మార్కు దిద్దుకునే వీలు ఆ పద్ధతిలోనే ఉంది గాని, దాన్ని వాడేవారు తక్కువ. తీవ్రతను లోపంలో కన్నా ఆ సేవ మీద ఆధారపడినవారిలో వెతకాలన్న మూడో పక్షం మాటకు ఈ సమీక్ష మొగ్గు చూపుతుంది.

వెంటనేనా, పరీక్షించా?

ప్యాచ్ వేయాలని ఒప్పుకున్నాక కూడా ఎప్పుడన్నది మిగులుతుంది. వెంటనే అనేవారికి బలమైన ఆధారం ఎంఎస్15-034. 2015 ఏప్రిల్ 14న విండోస్ వెబ్ సేవల కెర్నల్ డ్రైవర్‌కు ప్యాచ్ రాగానే, పాత ఫైలునూ కొత్త ఫైలునూ పోల్చి చూసి లోపమెక్కడో కనిపెట్టారు. ఒక్క వెబ్ అభ్యర్థనతో సర్వర్‌ను నీలి తెరకు చేర్చే కోడ్ రోజుల్లోనే అందరికీ అందింది. ప్యాచ్ విడుదలే దాడికి పటం గీసిచ్చినట్టయిందన్నమాట. ఆగినవారికి అదే నష్టం.

ఆగమనేవారికీ ఆధారాలున్నాయి. శాక్ ప్యానిక్‌తో కలిసి వచ్చిన దిద్దుబాట్లలో ఒకటి కొన్ని అప్లికేషన్ల కనెక్షన్లను స్తంభింపజేసింది. దానికి మరో దిద్దుబాటు వేయాల్సి వచ్చింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్ కాదు. అయినా కెర్నల్ లోపల పనిచేసే దేన్నయినా పరీక్ష లేకుండా అందరికీ ఒకేసారి ఎక్కిస్తే ఏమవుతుందో అంతకన్నా పెద్ద రుజువు లేదు. పెద్ద దాడికి తీసిపోనంత విస్తృతమైన సేవాభంగం రక్షణ కోసం పెట్టుకున్న సాధనం వల్ల జరిగింది.

మధ్యే మార్గం తాత్కాలిక ఏర్పాటు. శాక్ ప్యానిక్‌కు ప్యాచ్ వేసేదాకా శాక్‌ను ఆపేయవచ్చన్నారు, లేదా మరీ చిన్న ముక్కలు అడిగే కనెక్షన్లను ఫైర్‌వాల్ దగ్గరే తిప్పికొట్టమన్నారు. రెండూ పనిచేశాయి. శాక్ ఆపితే మాత్రం ప్యాకెట్లు తరచూ పోయే బలహీనమైన లింకుల మీద వేగం పడిపోతుంది. నగరంలోని ఫైబర్ మీద ఆ తేడా తెలియదు. లంక గ్రామంలో మొబైల్ సిగ్నల్ మీద పనిచేసేవారికి తెలుస్తుంది. తాత్కాలికమని పెట్టిన సెట్టింగును తర్వాత తిరిగి మార్చినవారు ఎవరని అడిగితే చాలాచోట్ల జవాబు దొరకదు.

యంత్రాన్ని ఆపకుండానే నడుస్తున్న కెర్నల్‌ను దిద్దే లైవ్ ప్యాచింగ్ మరో దారి. 2008లో ఎంఐటీ విద్యార్థులు మొదలుపెట్టిన కెస్‌ప్లైస్‌ను 2011లో ఒరాకిల్ కొనుక్కుంది. 2015లో లినక్స్ 4.0లోనే అందుకు పునాది చేరింది. చిన్న దిద్దుబాట్లకు ఇది భేషుగ్గా పనికొస్తుంది. డేటా నిర్మాణాన్నే మార్చే ప్యాచ్‌కు కష్టం. పైగా మద్దతుతో కూడిన సేవలు చాలావరకు చందా మీదే దొరుకుతాయి. విండోస్ సర్వర్ 2025లో ఇలాంటి సౌకర్యానికి 2025 జూలైలో కోర్‌కు నెలకు 1.50 డాలర్ల చందా పెట్టారు.

ఆంధ్రలో ఎదురైన సందర్భాలు

ప్యాచ్ ఆలస్యానికి ఆంధ్రప్రదేశ్ చెల్లించిన మూల్యం 2017 మేలో కనిపించింది. విండోస్ ఫైల్ పంపకపు కోడ్‌లోని లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ఎంఎస్17-010 ప్యాచ్ ఇచ్చింది. ఆ లోపాన్నే వాడుకున్న వానాక్రై అనే ర్యాన్‌సమ్‌వేర్ మే 12న విరుచుకుపడింది. మధ్యలో 59 రోజులు. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు అది సోకింది. తిరుమల తిరుపతి దేవస్థానంలోనూ కొన్ని యంత్రాలు దెబ్బతిన్నాయి. వానాక్రై డబ్బు కోసం ఫైళ్లు బిగించేదే గాని అచ్చమైన డాస్ దాడి కాదు. అయితే స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు చేయడానికి వచ్చినవారి వైపు నుంచి చూస్తే రెండింటికీ తేడా లేదు. 2019లో ఆంధ్ర, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల ఆన్‌లైన్ సేవలు ర్యాన్‌సమ్‌వేర్‌తో ఆగినప్పుడు బిల్లు కట్టబోయినవారికీ అంతే.

డాస్‌కు నేరుగా చెందిన ఉదంతం 2017 జూలై చివర జరిగింది. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లు దేశంలో వేల సంఖ్యలో ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డునే ఉంచేసిన మోడెమ్‌లలోకి బ్రికర్‌బాట్ తరహా ప్రోగ్రామ్ దూరి వాటి అమరికను చెడగొట్టింది. వాటిని రీసెట్ చేసి పాస్‌వర్డు మార్చుకోమని సంస్థ వినియోగదారులను కోరాల్సి వచ్చింది. ప్యాచ్ అంటే సర్వర్ గదిలో జరిగే పనని అనుకునేవారికి ఇది హెచ్చరిక. డెల్టాలో ఇంటింటా ఉన్న ఫైబర్ పెట్టెలు, వైఫై రౌటర్లు, కొబ్బరి తోటల్లోనూ రొయ్యల చెరువుల మీదా పెట్టిన సీసీ కెమెరాలు కూడా చాలావరకు లినక్స్ మీద నడిచే కంప్యూటర్లే.

ఇక రాజమహేంద్రవరం, కాకినాడల చుట్టూ ఉన్న గ్యాస్, విద్యుత్ పరిశ్రమల సంగతి వేరు. నియంత్రణ యంత్రాలను ఆపడమంటే ప్లాంటును ఆపడమే. ఇలాంటిచోట ప్యాచ్‌లు వార్షిక మరమ్మతుల షట్‌డౌన్ కోసం కాచుకుంటాయి. అంతవరకు ఆ యంత్రాలను వేరే నెట్‌వర్క్‌లో ఒంటరిగా ఉంచడమే రక్షణ. ఈ విషయంలో పక్షాల మధ్య పెద్ద తగాదా లేదు.

ప్యాచ్‌తో తీరని భాగం

వరద దాడులకు విరుగుడు మూలంలోనే ఉండాలనే వాదం 2000 మేలో బీసీపీ 38 పత్రంతో ప్రమాణంగా మారింది. ప్రతి ఇంటర్నెట్ సంస్థా తన వినియోగదారు నుంచి తప్పుడు చిరునామాతో వచ్చే ప్యాకెట్‌ను గడప దాటనివ్వకూడదన్నది దాని సారం. పాతికేళ్లయినా అందరూ పాటించడం లేదు, ఎందుకంటే ఖర్చు పెట్టేది ఒకరు, లాభపడేది ఎక్కడో ఉన్న మరొకరు. 2016 అక్టోబరు 21న వశపరచుకున్న యంత్రాల గుంపు అయిన మిరాయ్ బాట్‌నెట్, వెబ్ చిరునామాలను వెతికిపెట్టే డీఎన్ఎస్ సేవలందించే డైన్ అనే సంస్థను కుప్పకూల్చినప్పుడు వాడుకున్నవి కెమెరాలు, రౌటర్లే. వాటి యజమానులకు ఏ నష్టమూ తెలియలేదు. తనకు నష్టం లేని లోపాన్ని ఎవరూ తమంతట తాము సరిచేయరు. ఇక్కడ సాంకేతిక వాదం ముగిసి ఆర్థిక వాదం మొదలవుతుంది.

ఇంకా తేలనివి

2024 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్ వర్గం తన లోపాలకు తానే సీవీఈ సంఖ్యలు ఇచ్చే అధికారం తీసుకుంది. అప్పటి నుంచి ఏటా వేల సంఖ్యలు వెలువడుతున్నాయి. వాటిలో కెర్నల్ కూలడానికి మాత్రమే దారిచ్చేవి లెక్కకు మిక్కిలి. అన్నీ చెప్పడమే నిజాయితీ అని ఒక పక్షం, అసలైనది గుంపులో కలిసిపోతోందని మరో పక్షం. ఏది దూరం నుంచి పేల్చగలిగేది, ఏది యంత్రం ముందు కూర్చుంటేనే సాధ్యం అన్న వర్గీకరణ సరిగా జరిగేదాకా ఈ వాదం తెగేలా లేదు.

రెండోది మద్దతు గడువు. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మామూలుగా ఇచ్చే ప్యాచ్‌లు ఆగాయి. ఆ యంత్రాల్లో చాలా వాటికి విండోస్ 11 ఎక్కదు. పాడవని కంప్యూటర్‌ను పక్కన పెట్టాలా, డబ్బు కట్టి గడువు పొడిగించుకోవాలా, లినక్స్‌కు మారాలా అన్నది ప్రతి ఆఫీసూ తేల్చుకోవలసిందే.

మూడోది ఇంటి పెట్టెల బాధ్యత. వస్తువుకు ఎన్నాళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో అమ్మేటప్పుడే చెప్పాలని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టం అమలు చేస్తోంది. యూరోపియన్ యూనియన్ సైబర్ రెసిలియెన్స్ చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 డిసెంబరు నుంచి అమలవుతాయి. ప్రభుత్వమే లక్షల పెట్టెలు కొని ఇళ్లలో పెట్టించే చోట చట్టం కోసం ఆగనక్కర్లేదు, టెండరు షరతుగానే ఆ గడువు రాయించవచ్చు. అలా రాయించినా పెట్టె తయారుచేసిన సంస్థ మూతపడితే, లేదా కాంట్రాక్టు చేతులు మారితే, మిగిలిన సంవత్సరాల ప్యాచ్‌లు ఎవరు తయారుచేయాలన్నది బ్రిటన్‌లో గాని యూరప్‌లో గాని పూర్తిగా తేలలేదు. సోర్స్ కోడ్‌ను ముందే మూడో పక్షం దగ్గర జమ చేయించడం ఒక ప్రతిపాదన. ఎవరైనా నిర్వహించుకోగలిగేలా గడువు తీరిన రోజున దాన్ని బహిరంగం చేయడం మరొకటి.